కురిసే కప్పు.. మురిసే మేస్త్రి

శ్లాబు పోసే రోజంటే మా గోదావరి జిల్లాల్లో చిన్నపాటి పెళ్లి. తెల్లవారుజామునే కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, మిక్సరుకు పసుపూ కుంకుమా పెడతారు. పొద్దున కూలీలకు ఉప్మా, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మేస్త్రికి కొత్త బట్టలు. ఇంటాయన చూపంతా వంటల మీదా వచ్చిపోయే చుట్టాల మీదా ఉంటుంది. ఇంటావిడ మజ్జిగ కలపడంలో మునిగిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ గంటల్లోనే ఆ ఇంటి తలరాత కాంక్రీటు కిందకు పోతుంది. ఎన్ని బస్తాలు పడ్డాయి, రాడ్లు ఎక్కడ కాళ్ల కింద నలిగి అడుగుకు దిగిపోయాయి, నీళ్లు ఎన్ని బకెట్లు ఎక్కువయ్యాయి.. చీకటి పడేసరికి ఏదీ కనపడదు. మళ్లీ కనపడేది పదేళ్ల తర్వాత, పడగ్గదిలో మంచం మీద పెచ్చు ఊడిపడ్డప్పుడు.

తాడేపల్లిగూడెంలోని మా ఇంట్లో అది పన్నెండో ఏట పడింది. శ్లాబు నాడు మా నాన్న వడ్డనలో ఉన్నారు. మర్నాడు పెరట్లో ఖాళీ సిమెంటు సంచులు పోగేసి లెక్కపెట్టింది మా అమ్మ. మేస్త్రి చెప్పిన లెక్క తొంభై. ఉన్నవి డెబ్బై ఒకటి.

‘‘మిగతావి కూలోళ్లు పట్టుకుపోయారండి అమ్మగారూ. ఖాళీ సంచులకి గిరాకీ కదండీ’’ అన్నాడతను, ఏమాత్రం తడుముకోకుండా. నమ్మాం. నమ్మకపోయి మాత్రం చేసేదేముంది, శ్లాబు అప్పటికే గట్టిపడింది.

ఆ తొంభై లెక్క ఏమిటో తర్వాత కూర్చుని నేనే వేసుకున్నాను. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు, అయిదు అంగుళాల మందం. అంటే దూలాలు కాకుండా సుమారు 11.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర.. ఈ పాళ్లలో ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. తొంభై పైచిలుకు పట్టాల్సిందే. మేస్త్రి చెప్పిన అంకె నిజమే, పోసింది అబద్ధం. అయిదో తరగతి లెక్క ఇది. పోసే ముందు రోజు వేసుకుని ఉంటే బాగుండేది.

తప్పు లోపలికి వెళ్లింది

తాటాకు కప్పులో దాచడానికేమీ లేదు. కొల్లేటి లంకల్లోనూ ఇటు మెట్ట ఊళ్లలోనూ ఒకప్పుడు పేదవాడి కప్పంటే అదే. ఎండాకాలం చివర ఇల్లు నేయించేవారు. నేసినవాడు మన ఊరివాడే. తొలకరి పడిన రాత్రే వాడి పనితనం బయటపడేది. ఎక్కడ కురిసిందో మర్నాడు టీకొట్టు దగ్గర నలుగురిలో అడిగితే, తల గోక్కుంటూ నిచ్చెన తెచ్చుకునేవాడు. పెంకుటింటిదీ అదే తీరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేయించిన నమూనాయే మన ‘బంగళా పెంకు’. అందులో ఒకటి పగిలితే పగిలినట్టే కనపడుతుంది. తీసి ఇంకొకటి పెడితే సరి.

ఆ కప్పులు మంచివని నేననడం లేదు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో వరుసకు వరుస తగలబడిపోయిన తాటాకు పేటలను చూసినవాళ్లెవరూ అలా అనరు. కాకపోతే వాటిలో తప్పు పైకే ఉండేది, చేసినవాడు అందుబాటులో ఉండేవాడు. శ్లాబు వచ్చాక తప్పు లోపలికి వెళ్లింది, మేస్త్రి ఊరు దాటాడు. ఏలూరులో పని ముగించినవాడు నెల తిరక్కుండా హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ నంబరూ మారుతుంది. కప్పు మోసాలు పెరగడానికి మనుషులు చెడిపోవడం కన్నా ఈ రెండే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. అందుకే మంచి కాంట్రాక్టరును పోల్చుకోవడానికి ముఖం చూడనక్కర్లేదు, మాటలు వినక్కర్లేదు. కాంక్రీటు కప్పేసేలోగా మనల్ని ఏమేం చూడనిస్తాడు, తన పాత కప్పుల కిందికి వానలో తీసుకెళ్తాడా.. ఈ రెండే చూడాలి.

కొల్లేటి నీళ్లు, ఇంటి రాడ్లు

కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోతుంది. అయితే దిగువన పోటు సమయంలో అదే ఉప్పుటేటి గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు సరేసరి. కలిదిండి, కైకలూరు, ఆకివీడు వైపు బోరు వేస్తే నీళ్లు తియ్యగా పడటం అదృష్టం కింద లెక్క. ఆ ఉప్పునీళ్లతో కాంక్రీటు కలిపితే ఏమవుతుందో చెప్పని మేస్త్రి మీ ఇంటికి వద్దు.

నీటిలోని క్లోరైడు ఇనుమును తినడం మొదలుపెడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల ఉబ్బి, కింది కాంక్రీటును నెట్టేస్తుంది. మనం పెచ్చులూడటం అనేది అదే. రాడ్లున్న కాంక్రీటులో వాడే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదని కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. నీళ్ల సీసా పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే అయ్యే ఖర్చు శ్లాబు నాటి బిర్యానీ కన్నా తక్కువే. బాగోలేదంటే కాలవ నీళ్లో ట్యాంకరో. ‘‘మా తాతల నాటి నుంచీ ఈ బోరు నీళ్లతోనే కడుతున్నాంలెండి’’ అని కొట్టిపారేసేవాడిని కాస్త ఆగి చూడండి. తాతలు ఈ నీళ్లతో కట్టింది మట్టి గోడలు.

రాడ్డుకీ శ్లాబు అడుగుకీ మధ్య వదిలే మందాన్ని కవరు అంటారు. మామూలు చోట్లకు ప్రమాణం చెప్పే కనీసం 20 మిల్లీమీటర్లు. ఉప్పు తగిలేచోట పెరుగుతుంది, ఎంతన్నది ఇంజినీరు చెప్పాలి. రాడ్ల కింద సిమెంటు బిళ్లలు పెట్టేది ఇందుకే. మేస్త్రి మోసగాడు కాకపోయినా ఇక్కడ దెబ్బతింటాం. బిళ్లలు పెట్టినా, తట్టలు మోసేవాళ్లు రాడ్ల మీదుగా నడిచి తొక్కేస్తే అవి పక్కకు జారిపోతాయి, రాడ్లు చెక్కకు ఆనుకుంటాయి. నడవడానికి అడ్డంగా పలకలు వేయించే మేస్త్రి కనపడితే మరో ప్రశ్న అడక్కుండా ఫోన్ నంబరు రాసుకోండి.

ఇక్కడి నల్లటి బంకమట్టి సంగతి వేరే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది కదిలితే గోడ పగులుతుంది, ఆ పగులు శ్లాబు దాకా పాకుతుంది, అందులోంచి వాన దిగుతుంది. దానికి పైన కెమికల్ పూయిస్తే కాలు విరిగినవాడికి నుదుటికి అమృతాంజనం రాసినట్టు.

కాటా అబద్ధమాడదు

రాడ్ల లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు పట్టుకోవచ్చు. మిల్లీమీటర్లలో రాడ్డు మందాన్ని అదే అంకెతో గుణించి, 162తో భాగిస్తే మీటరు రాడ్డు ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 8 ఎంఎం రాడ్డు పన్నెండు మీటర్లకు 4.74 కిలోలు. 10 ఎంఎం అయితే 7.4, 12 ఎంఎం అయితే 10.66. పది ఎంఎం దాకా ఉన్న రాడ్లకు మొత్తం సరుకు మీద 7 శాతం తేడాను ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది. 8 ఎంఎం రాడ్డు 4.4 కిలోల కన్నా తక్కువ తూగుతుంటే అది ఎనిమిది కాదు, ఎనిమిదని చెప్పిన ఏడున్నర. ఇందులో తమాషా ఏమిటంటే, రాడ్ల లెక్కన కొంటే సన్నవి వస్తాయి, కిలోల లెక్కన కొంటే లావువి వస్తాయి. ఎటు తిరిగినా నష్టం మనకే. మెటీరియల్‌తో సహా మాట్లాడుకున్న కాంట్రాక్టులో ఎప్పుడూ సన్నవే వస్తాయని వేరే చెప్పాలా?

ఆరంగుళాలకు ఒకటి పెట్టాల్సిన రాడ్డును ఎనిమిదికి ఒకటి పెట్టడం ఇంకో పాత విద్య. దీనికి మందు టేపు. శ్లాబు ముందు రోజు సాయంత్రం రాడ్ల మీద టేపు పరిచి నాలుగు మూలలా ఫొటోలు తీసుకోవాలి. కాంట్రాక్టరు బావమరిది కాని ఇంజినీరును ఒక్క పూటకు పిలిపించుకోవాలి. ఇల్లంతా కట్టించుకుని, ఆ పూట ఫీజు దగ్గర బేరమాడేవాళ్లను చాలామందిని చూశాను. మా నాన్న వాళ్లలో ఒకరు.

సిమెంటు సంచి మీద ఏ సంవత్సరం ఎన్నో వారంలో నింపారో అచ్చువేసి ఉంటుంది. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు బలంలో దాదాపు అయిదో వంతు కోల్పోతుందని ఇంజినీరింగ్ పుస్తకాలు చెబుతాయి. కొల్లేటి చెమ్మలో గోడౌనును బట్టి ఇంకా త్వరగా గడ్డ కడుతుంది. ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, చెల్లుతుందో లేదో తెలిసిపోతుంది. ఇసుకను గాజు సీసాలో సగం దాకా పోసి, నీళ్లు నింపి, కుదిపి, రెండు మూడు గంటలు కదపకుండా వదిలేస్తే పైన ఒండ్రు పొర తేరుకుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే లారీని వెనక్కి పంపడమే.

అసలు మోసం కన్నా పెద్ద నష్టం ఒక్కోసారి తొందర తెస్తుంది. నాలుగున్నర మీటర్ల లోపు గదికి శ్లాబు కింద పోట్లు కనీసం ఏడు రోజులుంచాలి, అంతకన్నా పెద్దదైతే పద్నాలుగు రోజులు. మామూలు సిమెంటుకు చెప్పిన లెక్క ఇది. బూడిద కలిసిన పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు ఓపిక పట్టాలి. సెంట్రింగ్ చెక్కలకు రోజు అద్దె కట్టే కాంట్రాక్టరుకు ఆ ఓపిక ఉండదు. శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం కూడా అంతే. మూడో రోజుకే మడులు ఎండిపోతుంటే ఎవరి పని ఎవరు చేయడం లేదో తేల్చుకోవాల్సింది ఆ రోజే.

రేకు ఎగిరితే తెలిసే నిజం

ఇప్పుడు శ్లాబు మీద ఇంకో కప్పు వచ్చింది. ఏలూరులో ఏ మేడ మీద చూసినా ఇనుప పైపులు నిలబెట్టి రంగు రేకులు వేసిన షెడ్డే. కింద ఎండ తగ్గుతుంది, బట్టలు ఆరతాయి, శ్లాబు కురవడం కూడా ఆగుతుంది. తెలివైన పనే. కానీ విజయవాడకు మన ప్రమాణాల్లో ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఏలూరు అక్కడికి గంట ప్రయాణం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. తుపాను గాలి రేకును కిందకు నొక్కదు, పైకి లాగుతుంది. అన్నిటికన్నా గట్టిగా లాగేది అంచుల దగ్గర. రేకు మధ్యలో ఎన్ని స్క్రూలున్నా, అంచుల్లో పొదుపు చేసినవాడు మన కప్పును పక్కింటి మీద వేసినట్టే. పైపుల కాళ్లను పిట్టగోడ ఇటుకలకు బిగించాడా, కింద కాంక్రీటుకా? ఇది మొదటి ప్రశ్న కావాలి. రేటు తర్వాత.

రేకు మందం దగ్గర నడిచే మోసాన్ని కూడా కాటాయే పట్టిస్తుంది. కొటేషన్‌లో 0.50 ఎంఎం రాసి 0.40 వేసి వెళ్తారు. కంటికి తేడా తెలియదు. మడతలు వేయకముందు రేకు వెడల్పు సాధారణంగా 1220 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పది అడుగుల రేకు నిజంగా అర మిల్లీమీటరు ఉక్కయితే పద్నాలుగున్నర కిలోలు తూగుతుంది. 0.40 అయితే పన్నెండు కూడా తూగదు. ‘రంగుతో కలిపి 0.50’ అనే మాటలో మరో చిన్న కోత ఉంది, కాబట్టి రంగు కాకుండా ఉక్కు మందమెంతో కాగితం మీద రాయించుకోవాలి. పాత సామాన్లవాడి కాటా మీద ఒక్క రేకు పెట్టి చూస్తే చాలు.

పాత సిమెంటు రేకులు దించేచోట మాత్రం డబ్బు కన్నా పెద్ద విషయం ఉంది. బ్రాండ్ ఏదైనా మనవాళ్లంతా ‘చార్మినార్ రేకులు’ అనే పిలిచే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ నార దుమ్ము కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. రేకును సుత్తితో పగలగొట్టి కిందకు తోసేవాడు, నీళ్లు చల్లి, బోల్టు విప్పి, మొత్తంగా దించేవాడు.. ఇద్దరూ ఒకే కూలి అడుగుతారు. రెండోవాడిని పిలవండి, వాడికి పదో పరకో ఎక్కువివ్వండి.

ఆటోలో వచ్చే గ్యారంటీ

తుపాను వెళ్లిన వారానికి వీధుల్లోకి ఒక ఆటో వస్తుంది. వెనక కెమికల్ డబ్బాలు, మైకులో ‘ఇరవై ఏళ్ల గ్యారంటీ’. మేడ ఎక్కి, పగుళ్లు చూపించి భయపెట్టి, ఈ రోజుకే తగ్గింపు రేటంటారు. పూసేది చాలాసార్లు పల్చటి తెల్ల రంగు. ఎండాకాలం అంతా బ్రహ్మాండం. తర్వాతి ఆషాఢానికి ఇల్లు యథాప్రకారం కురుస్తుంది, గ్యారంటీ కార్డు మీద నంబరు మోగదు.

ఇది మన దగ్గరే అనుకోకండి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా మేనల్లుడిది, వడగళ్ల వాన పడిన మర్నాడే తలుపు తట్టే రూఫింగ్ వాళ్లతో వేగలేకపోతున్నానని ఒకటే గోల. ఇన్సూరెన్స్‌లో మీ వాటా మేమే మాఫీ చేస్తామని వాళ్లు ఆశ చూపేవారట. టెక్సస్‌లో అలా మాఫీ చేయడం నేరమని 2019 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది. అయినా రూఫింగ్ కాంట్రాక్టరుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు మాత్రం ఇప్పటికీ అక్కర్లేదు. ‘‘మీ దగ్గర ఆటో, మా దగ్గర పికప్ ట్రక్కు. అంతే తేడా మామయ్యా’’ అన్నాడు.

నిజమైన పనివాడు కెమికల్ పేరు తర్వాత చెబుతాడు. ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, తూము మూసుకుందేమో, పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాటమైనా ఉందో లేదో చూస్తాడు. శ్లాబు మీద రెండంగుళాల నీళ్లు నిలిపి రెండు రోజులు వదిలేసి, కింద చెమ్మ ఎక్కడ తేలుతుందో గుర్తుపెట్టుకుంటాడు. పని అయ్యాక మళ్లీ అదే పరీక్ష పెట్టి డబ్బు అడుగుతాడు. ‘‘వాన పడుతుండగా ఒకసారి వచ్చి చూస్తానండి’’ అన్నాడంటే నాలాంటివాడు సగం లొంగిపోతాడు.

మనం చేసే పెద్ద పొరపాటు కూడా ఇక్కడే ఉంది. వానలో ఇల్లు కురిస్తే ఆ ఆదుర్దాలో అప్పటికప్పుడు పని చేయించేస్తాం. ఎండలు వస్తే మర్చిపోతాం. చేయాల్సింది తలకిందులుగా. మనిషిని వానాకాలంలో వెతకాలి, పని ఎండాకాలంలో చేయించాలి. అతను అయిదేళ్ల కిందట కట్టిన ఇళ్లు మూడు అడగాలి. నిన్న కట్టిన ఇల్లు ఏ మేస్త్రిదైనా అందంగానే ఉంటుంది.

కాగితం మీద పెట్టాక

మాట మీద నడిచే మనుషులకు కాగితం అడగడం మొహమాటం. ఆ మొహమాటానికి మా ఇంట్లో ఒక శ్లాబు ఖరీదు కట్టాం. స్టాంపు కాగితం మీద శ్లాబు మందం, రాడ్ల సైజు, వాటి మధ్య ఎడం, సిమెంటు పేరు, ఇసుకా నీళ్లూ ఎవరివి, పోట్లు ఎప్పుడు తీస్తారు.. ఇవన్నీ ఉండాలి. అడ్వాన్సు మొదటి వారం సరుకుకు మించకూడదు. డబ్బు ఒప్పందంలో సంతకం పెట్టిన మనిషి ఖాతాకే వెళ్లాలి, తమ్ముడి ఫోన్‌పేకి కాదు. పదో వంతు ఒక వానాకాలం గడిచేదాకా మన దగ్గరే ఉండాలి. ఈ చివరి మాట వినగానే లేచి వెళ్లిపోయే కాంట్రాక్టర్లు ఉంటారు. వెళ్లనివ్వండి.

కాగితం ఉంటే చట్టమూ పలుకుతుంది. ఇంటి నిర్మాణం కూడా సేవేనని వినియోగదారుల రక్షణ చట్టం 2019లో స్పష్టంగా రాసి ఉంది. 2020 జూలై 20 నుంచి అది అమల్లో ఉంది. అందులో మనకు బాగా పనికొచ్చే మార్పు ఒకటుంది. ఫిర్యాదీ ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. మేస్త్రి హైదరాబాద్ వెళ్లిపోయినా ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే సరిపోతుంది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. అయితే రెండేళ్ల గడువుంది. కేసుదాకా వద్దనుకుంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అపార్టుమెంట్లు కొన్నవాళ్లకు రెరా చట్టం నిర్మాణ లోపాల మీద అయిదేళ్ల బాధ్యత పెట్టింది. సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకునే మనకు ఆ గొడుగు లేదు.

ఇక ప్రభుత్వ కాలనీల్లో ఇల్లు కట్టుకునే పేదవాడికి కాంట్రాక్టరును ఎంచుకునే వీలే తక్కువ. 2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు పంచిన పథకంలో మూడు ఆప్షన్లు పెట్టారు. మీరే కట్టిపెట్టండని మూడోది ఎంచుకున్నవాళ్లలో చాలామంది ఇళ్లను గుత్తేదార్లు పునాదుల దగ్గరో గోడల దగ్గరో వదిలేసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. మొండిగోడల మధ్య తుమ్మ మొక్కలు మొలిచిన ఆ వరుసల ముందు టేపూ కాటా గురించి ఉపన్యాసం చెప్పడానికి నాకు నోరు రాదు.

మా ఇంటికి తిరిగొస్తే, పెచ్చులూడిన శ్లాబు పనికి కిందటేడు ఆగస్టులో ముగ్గురు మేస్త్రీలను పిలిచాం. మొదటి ఇద్దరూ అరగంటలో రేటు చెప్పేశారు. మూడో ఆయన రేటు చెప్పలేదు. ఏలూరు పవర్‌పేటలో ఎనిమిదేళ్ల కిందట తాను కట్టిన ఇంటి అడ్రసు చెప్పి, ‘‘ఎల్లుండి వాన ఉందంటున్నారండి, అప్పుడెళ్లి చూడండి. స్టోరు గదిలో ఉత్తరం మూల ఒకసారి కురిసిందండి, పైపు దిగేచోట. నేనే వచ్చి బాగుచేశాను. అదీ చూడండి’’ అన్నాడు.

వెళ్లాం, అమ్మా నేనూ. గొడుగు తిరగబడేంత వాన. ఆ ఇంటి పెద్దావిడ మమ్మల్ని తిన్నగా స్టోరు గదికే తీసుకెళ్లింది. ఉత్తరం మూల వెలిసిపోయిన మరక ఒకటి ఉంది, పొడిగా. అమ్మ చెయ్యి పైకెత్తి గోడ తడిమి చూసింది.

‘‘వాన తగ్గాక వెళ్దురుగాని, కూర్చోండమ్మా’’ అంది ఆవిడ. గంటసేపు కూర్చున్నాం. టీ చల్లారిపోయేదాకా ఇద్దరం కప్పు వంకే చూస్తూ ఉన్నాం.